పిడికెడు సబ్బుపొడి

అమ్మమ్మ డాన్సు నేర్పే గదిలో గోడ మీద ఎర్రరంగుతో ఒక మాట రాసి ఉంటుంది: "పొరపాటుకి ఇక్కడ చోటు లేదు." రాసింది అమ్మమ్మే. పిల్లల్లో ఎవరి అడుగు తప్పినా నోరు తెరవదు, వేలితో గోడ చూపిస్తుంది. తాతయ్య పాలు పొంగించిన రోజున వంటింట్లోంచి కూడా ఆ గోడ వైపే వేలు చూపించింది. మధ్యలో రెండు గదులున్నా తాతయ్యకి అర్థమైపోయింది.

అంతటి మనిషిని పుస్తకం రాసే అమ్మాయి ఒక్క ప్రశ్నతో ఇరుకున పెట్టేసింది.

ఆ అమ్మాయి నాట్యచరిత్ర రాస్తోంది. వారంలో అచ్చుకి వెళ్ళాలి. సంచిలోంచి పాత ఫోటో ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. అందులో పంతొమ్మిదేళ్ళ అమ్మమ్మ, చేతులు రెండూ గాలిలో పెట్టి, ఒక తుంటి మీద నేలంతా జారిపోతోంది. ఇప్పుడు ఆ జారుడు నేర్పని డాన్సు బడి లేదు. పేరు మాత్రం అమ్మమ్మకి పాఠం చెప్పిన విదేశీ టీచరమ్మది.

"టీచరమ్మ ఆరు నెలలు ఏటిగట్టున కూర్చుని, నీళ్ళ నడక చూసి దీన్ని కనిపెట్టారని అందరూ రాశారండీ. నేనూ అదే రాశాను. కానీ ఆవిడ డైరీలో ఒకచోట 'కొత్తపిల్ల జారుడు' అని ఉంది. ఆ కొత్తపిల్ల మీరేనా?"

"ముందు కాఫీ తాగమ్మా," అంది అమ్మమ్మ.

అది మూడో కాఫీ.

"చెప్పవే," అన్నాడు తాతయ్య. "యాభై ఏళ్ళుగా నాది నాది అని నా చెవి కొరుక్కు తింటున్నావుగా. అడిగేవాళ్ళు వచ్చేసరికి మాట పడిపోయిందా?"

"పిల్లలున్నారు," అంది అమ్మమ్మ గొంతు తగ్గించి.

ఉన్నారు. తలుపవతల ఎనిమిది మంది కాళ్ళు సాగదీస్తున్నట్టు నటిస్తున్నారు. చెవులు మాత్రం ఇవతలే ఉన్నాయి.

అమ్మమ్మ ఫోటో వంక చూసింది. చెప్పకపోతే పేరు ఏటిపాలు. చెబితే గోడ మీద మాట గంగపాలు. కాసేపు కుర్చీలో అటూ ఇటూ కదిలి, లేచి వెళ్ళి తలుపు బార్లా తీసింది.

"అలా చాటుగా వింటే సగమే వినపడుతుంది. లోపలికొచ్చి కూర్చోండి."

అప్పుడు చెప్పింది.

ఆ బడిలో అందరూ ఉత్త కాళ్ళతో ఆడేవాళ్ళు. అందరికన్నా చివర చేరినవాళ్ళు రోజూ పొద్దున్నే ఆ చెక్క నేలకి తడిగుడ్డ పెట్టాలి. ఉత్త నీళ్ళతోనే. మూడు నెలలు చూసి, పనికిరారనుకున్న వాళ్ళని ఇంటికి పంపేసేవారు. అమ్మమ్మకి ఇంకో వారమే మిగిలింది. డాన్సులో ఎలాగూ మెప్పు రావడం లేదు, కనీసం నేలయినా తళతళలాడిద్దామని బకెట్లో పిడికెడు సబ్బుపొడి వేసింది. ఉత్త నీళ్ళతో తుడిస్తే అదీ ఒక తుడవడమేనా అని ఆవిడ ఉద్దేశం.

"నేల మెరిసింది. నా వంతు వచ్చి పరిగెత్తుకొచ్చాను. కాలు జర్రుమంది. పడ్డానా, పెట్టే బేడా సర్దుకోవాల్సిందే. అందుకని కావాలనే చేస్తున్నట్టు చేతులు పైకెత్తేశాను. తుంటి మీదే పియానో కాలి దాకా పోయి, దాన్ని పట్టుకుని గిర్రున తిరిగి లేచి నిలబడ్డాను."

"టీచరమ్మ తిట్టలేదా?" అంది పిల్లల్లో ఒకతె.

"మళ్ళీ చెయ్యి అంది. చేశాను. రేపు కూడా చెయ్యి అంది. ఇక రోజూ పియానో పక్కన ఒక బారున సబ్బు పూసేదాన్ని. పేపరువాళ్ళు ఫోటో తీసిన రోజు కూడా." అమ్మమ్మ ఫోటోలో తుంటి దగ్గరున్న నల్లమరక మీద వేలు పెట్టింది.

"నేను నీడ అనుకున్నానండీ," అంది పుస్తకం అమ్మాయి.

"కాదు, సబ్బుతడి. పన్నెండో రోజున కొత్తమ్మాయి చేరింది. తడిగుడ్డ ఆ పిల్ల చేతికి పోయింది. ఉత్త నీళ్ళు. పొడినేల. పోయి చెబుదామా, పారిపోదామా అనుకుంటుండగా పిలుపొచ్చింది. గుండె చిక్కబట్టుకుని వెళ్ళాను. తుంటి మీద చర్మం లేచిపోయింది గానీ, జారాను. అప్పటికి ఒంటికి వచ్చేసింది. మొదటిది సబ్బుదే. పొడినేల మీద జారింది మాత్రం నాది."

పుస్తకం అమ్మాయి కలం తీసి, తన రాతప్రతిలో ఏరునీ, గట్టునీ, ఆరు నెలలనీ కొట్టేసి, ఆ పక్కన అమ్మమ్మ పేరు రాసింది. అమ్మమ్మ కళ్ళజోడు పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసింది. తర్వాత కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచింది. దాని మీద దుమ్మేమీ లేదు.

అప్పుడే పిల్లల్లో అందరికన్నా చిన్నది, నోరు తెరవకుండా, చెయ్యి చాచి గోడ చూపించింది.

తాతయ్య పైకప్పు వంక చూశాడు.

అమ్మమ్మ బకెట్టూ గుడ్డా తెప్పించి, కొంగు బిగించి, గోడ తుడవడం మొదలుపెట్టింది. పాతరంగు. ఎంత రుద్దినా కదలలేదు.

"ఉత్త నీళ్ళతో ఎక్కడ పోతుందే," అన్నాడు తాతయ్య. "నీకు తెలియనిదా? పిడికెడు సబ్బు వెయ్యి."