సమజ్ కాలే బిడ్డా, మల్ల చెప్పు

మొన్న మంగళవారం పొద్దున కుక్కర్ గోలలో ఫోన్ వినిపించక రెండుసార్లు పోనిచ్చాను. మళ్ళీ మోగితే ఎత్తాను. చిక్కడపల్లి అక్క భర్త. ఆయన నాకెప్పుడూ ఫోన్ చేయడు. "అమ్మా, మీ అక్క పోయింది. తెల్లారంగ, దవాఖానలనే" అన్నాడు. నేను స్టవ్ ఆర్పాను. మళ్ళీ ఆయనే, "పిల్లగాడు పక్కింట్ల ఉన్నడు. వానికింక చెప్పలే" అని పెట్టేశాడు.

మీలో ఎవరికీ ఆమె తెలిసుండదు. చిక్కడపల్లిలో స్టీలు సామాన్ల షాపు నడుపుకునే ఒకాయన భార్య, ఒక్క కొడుకు తల్లి. పేపర్లో పడేంత పని ఏదీ చేయలేదు. నాకు రక్తసంబంధం కూడా కాదు. అశోక్‌నగర్‌లో, గ్రూప్స్ కోచింగ్ పిల్లలతో కిటకిటలాడే ఒక సందులో, జిరాక్స్ షాపు పైన, మాటలు రాని పిల్లలకు మాటలు నేర్పే మేడమ్ ఉంటుంది. మెట్లెక్కగానే వరండాలో చెక్క బెంచీ. లోపల పిల్లలు, బయట తల్లులు. 2009 వానాకాలంలో ఆ బెంచీ మీద నా పక్కన కూర్చున్నావిడే ఈ అక్క. ఊరూ పేరూ అడగకుండానే "నీ పిల్లకేమైంది చెల్లె?" అంది. ఆ బెంచీ మీద పలకరింపు అదే.

మా పాపకు నాలుగేళ్ళు. కాకిని తాతి అనేది, కోతిని తోతి అనేది. అక్క కొడుకుదీ అదే వయసు. వాడికి ఆపాటి మాట కూడా లేదు. అన్నింటికీ ఊ, ఆ, మ్మ. వాడికి తెలివి తక్కువ కాదనీ, చెవులు బాగానే ఉన్నాయనీ మేడమ్ చెప్పింది. చెప్పాలనుకున్నది తలలో ఉంది, దాన్ని వరసగా పలకడమే నాలుకకూ పెదవులకూ చేతకావడం లేదు, సాధన చేయిస్తే వస్తుంది, కానీ ఏళ్ళు పడుతుంది అంది. ఎన్నేళ్ళని అక్క అడిగింది. మేడమ్ అబద్ధం చెప్పలేదు, తెలియదమ్మా అంది.

బెంచీ మీద మేం మాట్లాడుకునేది ఎక్కువగా మందుల గురించే. కోఠిలో ఏవో చుక్కలు దొరుకుతాయని ఒకావిడ, విదేశీ పొడి వాడితే మూణ్ణెల్లలో మాటలొస్తాయని ఇంకొకావిడ. అక్క అన్నీ వినేది, అన్నీ కొనేది. విటమిన్ గోళీలు, విటమిన్ చుక్కలు, పాలలో కలిపే చాక్లెట్ వాసన పొడి. చేపనూనె గోళీలు మింగిస్తే నాలుక తిరుగుతుందని ఎవరో అంటే అవీ తెచ్చింది. వాళ్ళది కోడిగుడ్డు కూడా గడప దాటని ఇల్లు. ఆ పసుపుపచ్చ గోళీని గుండుసూదితో పొడిచి పెరుగన్నంలోకి పిండేది. అత్తగారు వంటింట్లోకి వచ్చి "ఏందే ఈ నీసు వాసన?" అంటే, "పిల్లి ఏదో తెచ్చినట్టుంది అత్తమ్మా" అనేదట. ఇది చెప్పి నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకునేది. "పాపం తగుల్తే నాకే తగలనీ చెల్లె. వాడు ఒక్క మాట మాట్లాడితే నేను చేపల మార్కెట్ల కూసొని అమ్ముత" అనేది.

పిల్లల డాక్టరు రక్తపరీక్ష చేయించి, ఒకటి రెండు విటమిన్లు నిజంగానే తక్కువున్నాయని వాటికి మాత్రం మందు రాసిచ్చాడు. మిగతావన్నీ ఆపమన్నాడు. ఆ మందుతో వాడికి సత్తువ వచ్చింది, మెట్ల దగ్గర అమ్మ చంక ఎక్కడం మానేశాడు. మాట మాత్రం రాలేదు. "తక్కువుంటే ఇవ్వాల్సిందే. కానీ మాటలు సీసాలో రావమ్మా, నోటితో చేయించాలి" అని మేడమ్ ప్రతి తల్లికీ చెప్పీ చెప్పీ అలిసిపోయేది. సరిగ్గా ఆ చలికాలమే మా పాప కాకిని కాకి అంది. నేనూ ఆ చాక్లెట్ పొడి సగం డబ్బా వాడి వదిలేసి ఉన్నాను. అక్క నా చెయ్యి పట్టుకుని "చూస్తివా, పొడి పనిచేసింది" అంది. అది పొడి కాదక్కా, ఏడాదిపాటు అద్దం ముందు కూర్చోబెట్టి చేయించిన సాధన అని మొత్తుకున్నా వినలేదు. మా పాప మాటకు నాకంటే ఎక్కువ సంబరపడింది, ఆ సంబరంలోనే మరో డబ్బా కొంది. ఆ డబ్బాల మీద నవ్వే పిల్లల బొమ్మలు కనిపిస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పాప సాధన అయిపోయినా మా స్నేహం పోలేదు. ఆ ఏళ్ళలో తెలంగాణ కోసం ఊరంతా బంద్‌లు. బస్సులు లేని రోజున కూడా ఆమె కొడుకు చెయ్యి పట్టుకుని చిక్కడపల్లి నుంచి నడిచి వచ్చేది. మేడమ్ తలుపుకు తాళం చూసి, మా ఇంటికి వచ్చి చెప్పులు విడిచేది. "మీ ఆంధ్రోళ్ల చాయ్‌ల పాలు తక్కువ, మాటలెక్కువ" అని వెక్కిరిస్తూ రెండు కప్పులు తాగేది. "మీ రాష్ట్రం వచ్చాక మీ చాయే తాగుదురుగాని, ఇప్పటికి ఇది తాగండి" అనేదాన్ని. మా ఇళ్ళల్లో మగవాళ్ళు టీవీ ముందు ఏమనుకుంటున్నారో ఇద్దరికీ తెలుసు. ఆ ఊసు మేం ఎత్తేవాళ్ళం కాదు.

వాడు ఆడుకుంటూ ఊ అంటే ఆమె లేచి నీళ్ళిచ్చేది. ఇంకోసారి ఊ అంటే ఫ్యాను వేసేది. నాకు రెండూ ఒక్కలాగే వినిపించేవి. వాడు నుదురు ముడిస్తే తలనొప్పో ఆకలో చెప్పేసేది. దీనికి మేడమ్ కసురుకునేది. "అడక్కముందే అన్నీ అందిస్తుంటే వాడెందుకు అడుగుతాడు? అర్థమైనా కానట్టు ఉండండి. కాసేపు ఆగండి" అనేది. అక్క తల ఊపేది, ఆగలేకపోయేది. "దూప అయితుందని తెల్సి నీళ్లియ్యకుంట ఎట్లుంటరు మేడమ్? అది నాతోని కాదు" అనేది.

ఆ మేడమే ఇంకో పద్ధతి కూడా నేర్పింది. ఒక్కో అక్షరానికి ఒక్కోసారి తొడ మీద అరచేత్తో తట్టాలి. తడుతూ పలికితే మాట ముక్కలు ముక్కలుగానైనా బయటికి వస్తుంది. ఏడేళ్ళు వచ్చేసరికి వాడు లోపల గదిలో అలా తడుతూ చిన్న చిన్న మాటలు చెప్పేవాడు. బయట బెంచీ మీద అమ్మ కనపడగానే మళ్ళీ ఊ.

అప్పుడే అక్క రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్ అయింది, మందులు ఎక్కించారు, జుట్టు ఊడి మళ్ళీ వచ్చింది. తగ్గిందన్నారు. నిరుడు వానాకాలంలో, వాడికి తొమ్మిదేళ్ళప్పుడు, మళ్ళీ వచ్చింది, ఈసారి ఎముకల్లోకి. ఆ సంగతి నాకు నారాయణగూడ మార్కెట్లో చెప్పింది, చిక్కుడుకాయలు ఏరుతూ. "ఇగ నయం కాదంట చెల్లె. మందులతోని కొన్నొద్దులు నడ్పుతం అంటున్నరు." నేను సంచీ కింద పడేసి అక్కడే ఏడ్చేశాను. ఆమె ఏడవలేదు. ఏరిన కాయలు తక్కెట్లో పోయించి, నన్ను ఒక పక్కకు తీసుకెళ్ళింది.

"చచ్చుడుకు భయం లేదు. నేను పోతే వాడు మూగోడైతడు. గిప్పుడు వాడు చెప్పేది నా ఒక్కదానికే సమజ్ అయితది. వాళ్ల నాయనకు కాదు, మా అత్తమ్మకు కాదు. నాతోనే పోతయ్ వాని మాటలన్ని" అంది.

ఆ సాయంత్రం నుంచే మొదలుపెట్టింది. వాడు ఊ అంటే, "సమజ్ కాలే బిడ్డా, మల్ల చెప్పు." ఇంకోసారి ఊ అన్నా అదే మాట. ఏళ్ళ తరబడి తనతో కానిది ఆ ఒక్క పూటలో ఎలా అయిందో, ఎంత నలిగితే అయిందో నాకు తెలియదు. మేడమ్ చెప్పిన ఆ చిన్న కిటుకును ఆమె ఇరవైనాలుగు గంటల నోములాగా పట్టింది. కొడుకు చెప్పేది ఏమిటో తెలుసు, తెలియనట్టు ముఖం పెట్టాలి. ఆ ముఖం చూడటం నాకే కష్టంగా ఉండేది.

ఒక సాయంత్రం ముగ్గురం నారాయణగూడలో ఒక బేకరీకి వెళ్ళాం. ఆమెకు మందు ఎక్కించి ఎన్నో రోజులు కాలేదు, తలకు స్కార్ఫ్ కట్టుకుని ఉంది. వాడు అద్దం మీద చెయ్యి పెట్టి ఊ అన్నాడు. కౌంటర్ దగ్గరాయన "ఏం గావాలంటమ్మా?" అని ఆమెను అడిగాడు. "నాకు సమజ్ కాలే అన్న. వాన్నే అడుగు" అంది. వాడు తల్లి ముఖంలోకి చూశాడు. అమ్మ స్థానంలో వేరే ఎవరో వచ్చి నిలబడ్డట్టు చూశాడు. తర్వాత పిడికిళ్ళతో ఆమె పొట్ట మీద గుద్దడం మొదలుపెట్టాడు, కింద పడి దొర్లాడు. కాలేజీ పిల్లలు పక్కకు జరిగారు. ఒక పెద్దాయన "ఏం తల్లివమ్మా, కన్నకొడుకు ఏడుస్తుంటే అర్థం కాదా నీకు?" అన్నాడు. నాకు నోరు ఆగదు, ఆయన మీదికి వెళ్ళబోయాను. అక్క నా మణికట్టు పట్టుకుని ఆపింది.

వాడు చాలాసేపటికి లేచాడు. చొక్కాతో ముక్కు తుడుచుకున్నాడు. తొడ మీద చెయ్యి వేసి తట్టాడు. "కీ... బ... న్." కౌంటర్ ఆయన "క్రీమ్ బన్నా?" అన్నాడు. వాడు బిత్తరపోయాడు. అమ్మా మేడమూ కాని మనిషికి తన మాట అర్థం కావడం వాడికి అదే మొదలు. తల ఊపుతూనే ఉన్నాడు. వాడు బన్ను తింటుంటే ఆమె బయటికి వెళ్ళి, స్కూటర్ల వెనకాల మోరీ దగ్గర కూర్చుని కక్కుకుంది. వీపు నిమిరాను. "పేగులు తీసినట్టున్నది చెల్లె. అయినా రేపు మల్ల తోల్కొస్త" అంది.

మళ్ళీ తీసుకొచ్చింది. కిరాణా కొట్టుకు, పాల బూత్‌కు, ఓపిక ఉన్నంతవరకు తిప్పింది. ఓపిక పోయాక ఇంట్లోనే పడుకుని, తలుపు దగ్గరగా వేయించి, తండ్రినీ కొడుకునూ బయట వదిలేసేది. ఆయన "ఏమంటుండే వీడు?" అని కేకేస్తే, "నిన్నే గదా అడుగుతుండు, నువ్వే తెల్సుకో" అనేది లోపల్నుంచి. పాపం, ఆయన మంచివాడే. కొడుకును పోషించాడు కానీ కొడుకుతో మాట్లాడటం ఎలాగో ఆయనకు ఎవరూ చెప్పలేదు. మోకాళ్ళ మీద కూర్చుని వాడి పెదవులు చూడటం ఆయన అప్పుడు నేర్చుకున్నాడు. అత్తగారూ నేర్చుకుంది. ఇదంతా అక్క మంచం మీంచే పట్టుబట్టి నేర్పించింది.

నేను ఆఖరిసారి చూసింది పోయిన నెల. మంచం మీద ఆమె ఉందో దుప్పటే ఉందో తెలియడం లేదు. గొంతు మాత్రం సంతోషంగా ఉంది. "నిన్న వాళ్ల నాయనతోని లొల్లి పెట్టుకున్నడు చెల్లె, మాటలతోని. టీవీ కాడ. నాయన జవాబు చెప్తుండు, వాడు మల్ల ఎదురు చెప్తుండు. నేను పండుకొని విన్న. ఇద్దరిల ఒక్కలు గూడ నన్ను పిలువలే" అంది. ఆ మాట చెప్పినప్పుడు ఆమె ముఖం చూడలేక కిటికీ వైపు తిరిగాను.

మంగళవారం మధ్యాహ్నానికి అంతా అయిపోయింది. మగవాళ్ళు శ్మశానం నుంచి వచ్చి స్నానాలు చేశారు. ముందు గదిలో చాపలు పరిచి ఉన్నాయి. ఎవరో ఒకావిడ "ముత్తైదువగ పోయింది, అదృష్టవంతురాలు" అంటోంది. నలభై కూడా నిండని మనిషికి ఏం అదృష్టమో నాకు అర్థం కాలేదు, కోపం మింగుకుని కూర్చున్నాను. మేడమ్ కూడా వచ్చి గోడకు ఆనుకుని ఉంది. అప్పుడు పక్కింటావిడ పిల్లవాణ్ణి తీసుకొచ్చి గుమ్మంలో వదిలింది.

వాడు ముందు పడగ్గదిలోకి వెళ్ళాడు. మంచం మీద పరుపు లేదు. వంటింట్లోకి వెళ్ళి వచ్చాడు. తర్వాత తండ్రి ఎదురుగా నిలబడి అడిగాడు. "అమ్మ ఏడుంది?"

ఎంత స్పష్టంగా అన్నాడంటే, రోడ్డున పోయే మనిషికైనా తెలిసేది. గదిలో ఉన్న అందరికీ అర్థమైంది. తండ్రి అర్థం కానట్టు తల దించుకున్నాడు. వాడు నానమ్మ వైపు తిరిగాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "ఏమంటున్నవ్ బిడ్డా?" అంది. మేడమ్ నేల చూసింది. నా వైపు కూడా చూశాడు. ఇంత నోరున్న నేను చాప అంచు సర్దుతూ ఉండిపోయాను.

వాడికి కోపం రాలేదు. ఏడవలేదు. తప్పు తన నోటిదే అనుకున్నాడు. చాప మీద తండ్రికి ఎదురుగా కూర్చుని, తొడ మీద అరచెయ్యి ఆనించి, ఒక్కో అక్షరానికీ తడుతూ, మాకు అర్థమయ్యేలా నెమ్మదిగా, మొదటినుంచీ మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాడు.