రంగు తిరిగిందన్నారు

నా పొట్ట మీద రెండు రకాల గుర్తులున్నాయి. మొదటిది డిగ్రీ చదివేటప్పటిది, జానెడు కోత. అప్పుడు ఒక పక్క అండాశయం తీసేశారు. రెండోది పెళ్లయ్యాక పడింది. దాన్ని కోత అనడానికి కూడా మనసొప్పదు, బొడ్డులో ఒకటి, చెరో పక్క ఒకటి, మూడు చిల్లులు. మట్టెవాడలో మా ఇంటికి చూడవచ్చిన ఆడవాళ్లంతా ప్లాస్టర్లు చూసి "గింతేనా?" అని పెదవి విరిచారు. ఇంత దూరం వచ్చి ఇదా చూసింది అన్నట్టు టీ తాగి వెళ్లిపోయేవాళ్లు.

సంగతేమిటంటే, మిగిలిన ఒక్క అండాశయానికి గడ్డ లేచి, ఆ బరువుకు అది మెలిపడింది. నొప్పితో వంటింట్లో కూలబడితే ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరమ్మ స్కానింగ్ చూసి దాచకుండా చెప్పింది.

"మెలిక వల్ల రక్తం అందట్లేదు. కెమెరా పెట్టి, మెలిక విప్పి, కాసేపు ఆగి చూస్తాను. రంగు తిరిగితే గడ్డ వరకే తీసి దాన్ని ఉంచుతా. నల్లగానే ఉంటే మాత్రం ఉంచలేనమ్మా."

ఉంచకపోతే నా రక్తం పంచుకున్న బిడ్డ ఇక పుట్టదని నేనే అడిగి తెలుసుకున్నాను. సంతకం పెట్టేటప్పుడు దేవుణ్ణి ప్రాణం అడగలేదు, రంగు అడిగాను.

మత్తు దిగగానే మా ఆయన చెయ్యి పట్టుకుని "రంగు తిరిగిందా?" అన్నాను.

"తిరిగింది. నువ్వేం ఫికర్ చెయ్యకు," అన్నాడు. పక్కన మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సంతోషం పట్టలేకే అనుకున్నాను.

మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది. ఒళ్లు పచ్చిగా ఉన్న మనిషికి చెడు కబురు చెప్పరు. కన్నతండ్రి పోయినా బాలింతకు తెలియకుండా దాచిన ఇళ్లున్నాయి. వింటే పుండు మానదట. ఇప్పుడు ఆ మాటెత్తితే నాకు ఒళ్లు మండుతుంది. ఆ రోజు మాత్రం, అది నా మీదే నడుస్తోందని తట్టనేలేదు. తెలిసింది మా ఆయనకూ అమ్మకూ మాత్రమే. తనే మెల్లగా నాకు చెప్పుకుంటానని ఆయన డాక్టరమ్మను ఒప్పించాడట. అత్తకు కూడా చెప్పలేదు.

పొట్ట ఉబ్బించడానికి లోపలికి పంపిన గ్యాస్ భుజంలోకి ఎక్కి చంపింది. చిల్లులు పొట్టకైతే నొప్పి భుజానికేమిటని అత్త వాము నమిలించింది. నడవమన్నారని గోడ పట్టుకుని నడిచాను. లంగా నాడా బొడ్డు మీద ఒరుసుకుంటుందని నైటీలోనే ఉన్నాను. పప్పు తింటే చీము పడుతుందని, రఘునాథపల్లి నుంచి వచ్చిన మా అమ్మ పప్పు వాసన కూడా చూడనివ్వలేదు. ఎల్లిపాయ కారం, బీరకాయ, మళ్లీ ఎల్లిపాయ కారం. కిక్కురుమనకుండా తిన్నాను. ఉన్న ఒక్కదాన్ని కాపాడుకోవాలి కదా! ప్లాస్టర్లు తీయించుకోవడానికి వెళ్లిన రోజు డాక్టరమ్మ వేరే ఆపరేషన్‌లో ఉంటే నర్సే చూసి, బాగా మానిందని పంపేసింది. మా అమ్మ ఊరికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఒళ్లు కాలడం మొదలైంది. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే గుండెల మీంచి మంట లేచి నెత్తికెక్కేది, బట్టలు తడిసిపోయేవి. "వేడి చేసింది," అని అత్త తేల్చేసింది. సబ్జా నీళ్లు, మజ్జిగ, మాడుకు ఆముదం. మా ఆయనకు ఎనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి, కమీషన్ వ్యాపారం. ఆయన బట్టలకు పట్టిన ఘాటు కూడా నాకు వేడేనని, పెరట్లో స్నానం చేస్తే తప్ప లోపలికి రానిచ్చేది కాదు. ఎన్నడూ తల్లి మాట వినని మనిషి నోరెత్తకుండా బకెట్ ముందు కూర్చునేవాడు. నాకు నవ్వొచ్చేది.

ఆ నెల ముట్టు రాలేదు. ఒళ్లింకా కుదురుకోలేదులే అనుకున్నాను. మేమిద్దరం మళ్లీ ఒక పక్క మీదికి చేరాం. పై నెలా రాలేదు. వేళ్ల మీద లెక్క వేసుకున్నాను. భయంభయంగా అత్త చెవిన వేశాను. పరీక్ష చేయించుకుంటానంటే ఒప్పుకోలేదు.

"మూడో నెల పడనీ బిడ్డా, దిష్టి తగుల్తది. మీ ఆయనకు సుత చెప్పకు. కడుపుల పిల్ల ఉంటే ఒళ్లు కాలదా మరి? నేనే ఎర్రిదాన్ని, వేడి అనుకున్న."

ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. నడుస్తుంటే చెయ్యి దానంతటదే పొట్ట మీదికి పోయేది.

దిష్టి అన్న మనిషే ఆగలేకపోయింది. మార్కెట్‌కు సెలవు రోజున మా అమ్మకు ఫోన్ చేసి "జర జల్ది రా" అని పిలిపించింది. అమ్మ గడపలో చెప్పులు విడిచిందో లేదో, అత్త నా నోట్లో ఒక బెల్లం ముక్క పెట్టి, ఇంకోటి అమ్మ చేతిలో పెట్టింది.

"తియ్యటి ముచ్చట చెప్తాన, నోరు తెరు వదినె. నీ బిడ్డ నీళ్లు పోసుకున్నది."

అమ్మ నోరు తెరవలేదు. గదిలోంచి వచ్చిన మా ఆయన ముఖం వంక చూసి ఏడవడం మొదలుపెట్టింది.

"ఇగ సాలియ్యవే అమ్మా!" అని ఆయన అరిచాడు. "ఏడికెళ్లి పుడ్తరు పిల్లలు? అది తీసేసిన్రు. ఆ దినమే తీసేసిన్రు. నల్లగనే ఉండె. ఒళ్లు కాలుడు, ముట్టు ఆగుడు సుత గందుకే."

అత్త కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మరి గీ పిల్లకెందుకు చెప్పలే?"

"పచ్చి ఒళ్లని..." అంది అమ్మ.

"ఒళ్లు మానలేదా ఇన్నొద్దులు?"

అంత మాట ఆయన వాళ్లమ్మకు చెప్పాడు, నాకు కాదు. ముందు నాకు తోచింది అదే. నోట్లో బెల్లం కరుగుతోంది. మింగాలో, ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోయాను. అత్త దగ్గరికొచ్చి నా గడ్డం కింద అరచెయ్యి పట్టింది.

"ఉమ్మెయ్యి బిడ్డా," అంది.