మూడో వంతులో మిగిలిన సెంటు

మా లెక్కల టీచరమ్మ పోయారని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను సూళ్లూరుపేట స్టేషన్లో చెన్నై బండి కోసం నిలబడి ఉన్నాను. బండి వచ్చింది, పోయింది. నేను ఎక్కలేదు. బయటికొచ్చి మా ఊరి మీదుగా కోట వైపు పోయే బస్సులో కూర్చున్నాక గానీ ఏడుపు రాలేదు.

అన్నకూ నాకూ తమ్ముడికీ బడిలో లెక్కలు చెప్పింది ఆవిడే. తలకెక్కేదాకా వదిలే రకం కాదు. పావు అంటే సున్నా పాయింట్ రెండు అయిదు, ముప్పావు అంటే సున్నా పాయింట్ ఏడు అయిదు అని గడగడా అప్పజెప్పేస్తే ఒప్పుకునేవారు కాదు. పై అంకెను కింది అంకెతో భాగించి చూపించాల్సిందే. మూడో వంతు దగ్గర మా పని అయిపోయేది. ఒకటిని మూడుతో భాగిస్తే మూడు, మళ్ళీ మూడు, మళ్ళీ మూడు. బోర్డు అంచుకొచ్చినా ఒకటి మిగులుతూనే ఉండేది. విసుగొచ్చి అన్న రెండుసార్లు మూడు రాసి ఆపేస్తే, "మిగిలిందాన్ని వదిలేయబాక నాయనా. అది కూడా ముగ్గురిదే," అన్నారు.

బజారులోనూ అంతే. అరకిలో రొయ్యలడిగితే కాటా మీద 0.480 కనబడిందా, ఇక అక్కణ్ణుంచి కదలరు. అర అంటే సున్నా పాయింట్ అయిదు గదమ్మా, ఇంకో రెండు వెయ్యమనేవారు. రిటైరైనా మార్కులు తగ్గిస్తానే ఉండారే అని రొయ్యలామె నవ్వుతూ వేసేది. పక్కన నిలబడడానికి నాకు సిగ్గేసేది. ఆ కూర తినడానికి మాత్రం సిగ్గుండేది కాదు.

నాన్న పోయాక మాకు మిగిలింది ఎకరం మడి. తలా మూడో వంతు పంచుకోవడానికి ఎవరికీ పేచీ లేదు. కానీ రిజిస్ట్రేషన్ ఆఫీసులో కాగితం మీద పాయింట్ తర్వాత రెండంకెలే రాయాలన్నారు. ముగ్గురికీ 0.33 వేస్తే ఎకరంలో ఒక సెంటు మిగిలింది. పెద్దవాణ్ణి, నాకన్నాడు అన్న. సేద్యం చేసేది నేనన్నాడు తమ్ముడు. ఒక్క గది వేస్తే అయిపోయే ఆ కాస్త నేల కోసం ఇద్దరూ మాటలు మానేశారు. ఒకరున్న చోటికి ఇంకొకరు రారు. నాకిక పుట్టిల్లంటూ ఉండదేమోనని భయం పట్టుకుంది. పోయి టీచరమ్మ దగ్గర ఏడ్చాను.

ఆవిడ గొడుగేసుకుని మడి దగ్గరికొచ్చి ఇద్దర్నీ పిలిపించారు. తిడతారనుకున్నాను. మోటారు ఎక్కడుందని మాత్రం అడిగి, అక్కడికి పోయి నిలబడ్డారు.

"మూడో వంతు రెండంకెల్లో పట్టదు నాయనా. పట్టనిదాన్ని ఒకడు ఎత్తుకుపోతే అది మూడో వంతే కాదు. ఈ బోరు చుట్టూ ఒక సెంటు ముగ్గురి పేరునా రాసుకోండి. నీళ్ళకి ఎట్టాగూ అందరూ ఇక్కడికి రావాల్సిందే గదా."

ఇద్దరూ తలొంచుకుని సరేనన్నారు. అట్లాగే రాయించుకున్నాం. దాంతో మాటలు కలిశాయని అబద్ధమెందుకు చెప్పాలి? ఒకడు పొద్దున మోటారు వేస్తే ఇంకొకడు సాయంత్రం వేసేవాడు. నేను వాపోతే, తొందరేముందిలేమ్మా అనేవారు టీచరమ్మ. వాళ్ళు కలవడం ఆవిడ చూడకుండానే పోయారు.

ఆవిడకు పిల్లల్లేరు. పాడెకు ముందు అన్న, వెనక తమ్ముడు భుజం పట్టారు. దహనం అయ్యాక స్నానానికి ఇద్దరూ మా బోరు దగ్గరికే వచ్చారు. నేను పొడి తువ్వాళ్ళు పట్టుకుని గట్టు మీద నిలబడ్డాను. తమ్ముడు మోటారు వేశాడు. అన్న పైపు కింద కూర్చుని మొహం కడుక్కుంటూనే వెక్కివెక్కి ఏడ్చాడు. తమ్ముడు దగ్గరికి పోయి, "అన్నా, కొంచెం జరుగు," అన్నాడు.

అన్న జరిగాడు. ఒక్క పైపు కిందే ఇద్దరూ తలలు పెట్టారు.