నాయన నిద్రకు నేను వేసిన పట్టిక

2024 జూన్ 11, మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు అనంతపురంలోని ఒక కంటి ఆసుపత్రిలో నర్సు మా నాయన జబ్బకు పట్టీ చుట్టి గాలి కొట్టింది. రక్తపోటు పైది నూట ఎనభై రెండు, కిందిది నూట నాలుగు. ఆ రోజు జరగవలసిన శుక్లం ఆపరేషన్ ఆగిపోయింది. కుడి కన్ను నరం దెబ్బతిని ఏనాడో పోయింది. నాయనకు చూపంటూ మిగిలితే అది ఎడమ కంటిలోనే మిగలాలి.

డాక్టరు మాత్ర మార్చి, "రాత్రిపూట నిద్ర పడుతోందా పెద్దాయనా?" అని అడిగాడు.

"పండుకునేదానికి నేనెప్పుడూ తయారేనప్పా. అది రావాల గదా," అన్నాడు నాయన.

గడువు నలభై అయిదు రోజులు. మాత్ర తప్పకూడదు, నిద్ర కూడా పట్టాలి, జూలై 26 నాటికి పోటు దిగితేనే కత్తి పట్టేది అని డాక్టరు తేల్చి చెప్పాడు.

నాయనకు నిద్ర ఎక్కడ పోయిందో నాకు తెలుసు. నల్లమాడ దగ్గర మాకున్న నాలుగెకరాల్లో బోరు పడిన ఏడు మొదలుకొని పందొమ్మిదేళ్లపాటు, మోటారుకు కరెంటు వంతు చాలావరకు రాత్రివేళనే వచ్చేది. రేకుల షెడ్డులో ఒక బల్బు వేలాడగట్టి, దాని ఎదురుగా మంచం వేసుకుని పడుకునేవాడు. బల్బు వెలిగితే కరెంటు వచ్చినట్లు. లేచి మీట నొక్కి, పార తీసుకుని, మడవలు తిప్పి ఒక్కో మడికీ నీళ్లు పారించడానికి పోయేవాడు. కరెంటు వంతు పగటికి మారినా ఆ మెలకువ మాత్రం మారలేదు. ఆ తరువాత బోరూ ఎండిపోయింది. అమ్మ పోయిన మరుసటి ఏడు బుక్కరాయసముద్రంలో మా ఇంటికి వచ్చాడు.

నేను ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. పట్టిక వేయనిదే ఏ పనీ నాకు పని అనిపించదు. జూన్ 13 నుంచి డైరీలో నాలుగు గళ్లు గీశాను: తేదీ, ఇచ్చిన మందు, దాని తూకం, నిద్రపోయిన గంటలు. ఆ గంటలు తెలియాలి కదా. రాత్రి పన్నెండింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి అలారం పెట్టుకుని లేచి, టార్చి వేసుకుని నాయన గదిలోకి వెళ్లి చూసి వచ్చి, పొద్దున నాయనను కూడా అడిగి అంకె రాసుకునేదాన్ని.

మొదటి నాలుగు రోజులు రాత్రి పెరుగన్నంలో పచ్చి ఉల్లిగడ్డ. తరువాత ఆరు రోజులు గసగసాలు. పది గ్రాములు తూచి, నానబెట్టి, మెత్తగా నూరి, పటికబెల్లంతో పాలలో కలిపి ఇచ్చాను. పది రోజుల సగటు రెండు గంటల నలభై అయిదు నిమిషాలు దాటలేదు.

"గసగసాల పాలు బాగుండాయి పాపా. నిద్ర రాకపోతే ఇంకో గలాసు తాగొచ్చు," అన్నాడు నాయన.

జూన్ 23న వావిలాకు దిండు వచ్చింది. చెరువు కాలువ పక్కన మిగిలి ఉన్న ఒకే ఒక పొద నుంచి రెమ్మలు తెచ్చి, మూడు రోజులు నీడన ఆరబెట్టి, నాయన పాత పంచెతో కుట్టిన సంచిలో కూరాను. గది నిండా ఆ ఘాటైన పచ్చివాసన. నిద్ర నాలుగు గంటలకు పెరిగింది. జూన్ 30 నుంచి ఆముదం. అరికాళ్లకు, మాడుకు గోరువెచ్చగా పట్టించి, ఒక్కో పాదం పది నిమిషాల చొప్పున రుద్దాను. ఆరు గంటలు, ఆరుంబావు, ఆరున్నర. ఆ అంకెలను రోజుకు రెండుసార్లు తిరగేసి చూసుకునేదాన్ని. బడిలో తోటి ఉపాధ్యాయులకు కూడా చూపించాను.

జూలై 12, శుక్రవారం పరీక్షకు తీసుకువెళితే నూట డెబ్బయి ఎనిమిది, నూట రెండు. మాత్ర ఒక్కపూటా తప్పలేదు. నిద్ర రెండింతలకు పైగా పెరిగింది. అయినా పోటు చెప్పుకోదగినంత కదలలేదు. పద్నాలుగు రోజులే మిగిలి ఉన్నాయి.

ఆదివారం పొద్దున నాయన అక్క, మా అత్త, ఊరి నుంచి బస్సులో రెండు కిలోల ఆముదపు గింజలు మోసుకొచ్చింది. అంగడి ఆముదం మీద ఆమెకు నమ్మకం లేదు. ఇవి వేరుసెనక్కాయ చేనికి చుట్టూ సాలు వేసిన ఆముదాలు. పోయిన ఏడు ఎండకు కాయ మాడినా ఇవి నిలిచాయట. పెరట్లో మూడు రాళ్ల పొయ్యి పెట్టి, గింజలు దోరగా వేయించి, రోట్లో దంచి, నీళ్లలో వేసి మరిగించింది. నూనె తేలుతుంటే గరిటెతో పైపైన తీసి వేరే గిన్నెలోకి వంచుతోంది. చిన్నప్పుడు మా ఇంట్లో ఏటా ఒక రోజు ఇదే వాసన. కడుపు శుభ్రానికని తాగిస్తారన్న భయంతో ఆ రోజు పిల్లలెవరమూ పొయ్యి దరికి వచ్చేవాళ్లం కాము. నేను వంటింటి కిటికీ దగ్గర నిలబడి, రెండు కిలోలకు ఎంత నూనె దిగుతుందో రాసుకుందామని పెన్ను పట్టుకుని ఉన్నాను. నేనున్న సంగతి వాళ్లిద్దరికీ తెలియదు.

"ఏమిరా, నిద్ర పడతాండాదా?" అంది అత్త.

"యాడ పడ్తాదిక్కా. పాప రేత్రికి రెండుసార్లు టార్చి ఏసుకోని వస్తాది. ఎలుగు పడేసరికి షెడ్డులో బల్బు ఎలిగినట్లే. కరెంటు వచ్చిందని కాళ్లు వాటంతటవే కిందికి దిగబోతాయి. మళ్లీ యాడిది నిద్ర?"

"మరి ఆరున్నర గంటలు పండుకుంటాండావని పాప అంత గొప్పగా చెప్పె నాకు!"

"మొదట్లో నిజమే చెప్పినా. పాప చిన్నబోయింది. మొగం నాకు కనపడదు గానీ గొంతు తెలుస్తాది గదా. ఆ ఆకు దిండు వచ్చినకాణ్ణించి అడుగుల సప్పుడు ఇనంగానే కండ్లు మూసుకోని గురక పెడతాండా. పొద్దున బుక్కులో అంకె రాసుకోని పాట పాడుకుంటా బడికి పోతాది."

అత్త గరిటె పట్టుకునే నవ్వింది. "నీ కూతురు బడిలో పిలకాయలకు ఏసినట్ల నీకూ హాజరు ఏస్తాంది! నీది చిన్నప్పట్నుంచీ ఇదే కత గదరా. ఆముదం తాగమంటే నోట్లో పెట్టుకోని, తాగినట్ల తలూపి, ఎనుము ఎనక్కి పోయి ఉమ్మేటోనివి."

"నీకు పడ్తా ఉండె గదా నా వంతు దెబ్బలు," అన్నాడు నాయన.

పెన్ను మూత పెట్టాను. ఎంత నూనె దిగిందో ఆ రోజు రాయలేదు. సాయంత్రం సీసా నా చేతికిస్తూ, అడగకుండానే అత్త అంది: "రాసేది మానుకో పాపా. రుద్దేది మానుకోవద్దు."

నాయనను నేను ఏమీ అడగలేదు. టార్చి బీరువాలో పెట్టి, అలారం తీసేశాను. జూలై 14 నుంచి 25 వరకు నిద్ర గడి ఖాళీగా ఉంది. రాత్రి ఎనిమిది గంటలకు ఆముదం పట్టించేదాన్ని. గడియారం చూసుకోకపోవడం వల్ల ఎంతసేపు రుద్దానో తెలియదు. నాయన ఏ మడికి ఏ పక్క నుంచి నీళ్లు తిప్పేవాడో చెబుతూ ఉండేవాడు. తూర్పు గట్టు దాకా వచ్చేసరికి ఒక్కోసారి మాట ఆగిపోయేది. నిద్రే పట్టిందో, నన్ను పొమ్మని అలా ఆపేవాడో తేల్చుకోవాలని చాలా అనిపించింది. తేల్చుకోకుండా లేచి వచ్చేదాన్ని.

జూలై 26న నూట నలభై ఆరు, ఎనభై ఎనిమిది. మాత్ర ఫలితమా, ఆముదమా, టార్చి మానడమా అన్నది చెప్పడానికి నా దగ్గర లెక్క లేదు. 29న ఆపరేషన్ చేశారు. మరునాడు కట్టు విప్పాక నాయన గోడను చూశాడు, ఫ్యాన్ చూశాడు, తరువాత నన్ను చూశాడు.

"పాపా, కండ్ల కింద ఈ నలుపు ఎప్పటిదిమ్మా? నువ్వూ పండుకోల్యా?"

ఆ కంటితో నాయన పదిహేను నెలలు చూశాడు.

పోయినవి: ముప్పయ్యొక్క రాత్రుల పట్టికలో ఇరవై ఒక్క రాత్రుల నమ్మదగని అంకెలు, అరవై రెండు సార్లు లేచిన నా నిద్ర, కాలువ వెడల్పు చేసినప్పుడు పీకేసిన వావిలి పొద, నాయన.

మిగిలినవి: పది రాత్రుల నిజమైన అంకెలు, పన్నెండు ఖాళీ గళ్లు, సీసాలో మూడో వంతు ఆముదం, ఇంకా గింజలు దంచగలిగిన అత్త.