విప్పని ఉప్పు పొట్లం

థాయ్‌లాండ్‌లో రోయెట్ పట్నం దగ్గరి మా ఊళ్లో బువాలై అంత మాట మీద నిలబడే మనిషి మరొకరు లేరు. దాని మొగుడు ఖమ్‌తాన్ నాకు తమ్ముడి వరస. నేను ఊరి ఆరోగ్య కార్యకర్తను. ఆరేళ్ల కిందట అతనికి బీపీ ఉందని నా మిషన్‌లోనే తేలింది.

"ఉప్పు మాన్పించవే" అన్నాను.

"ఉప్పు రవ్వ తగిలితే అడుగు వదినా!"

అప్పుడే కొన్న ఉప్పు పొట్లాన్ని విప్పకుండా అటకెక్కించింది.

నెలనెలా వెళ్లి చూసేదాన్ని. బీపీ దిగేది కాదు. మాత్రలు పారేస్తున్నావా అని ఖమ్‌తాన్‌ను దులిపేసి, అక్కడే కూర్చుని జిగురన్నంలో బొప్పాయి తొక్కు నంజుకుని లాగించేదాన్ని. సిగ్గులేని తిండి.

"ఉప్పు లేకుండా ఇంత రుచేమిటే?"

"నీ కుండ మహిమే వదినా" అని నవ్వేది.

అది నేను పెట్టిన పాడేక్ కుండ. ఏడాదంతా ఊరిన చేప.

పోయిన వానాకాలం ఖమ్‌తాన్ నాట్లు వేస్తూ మడిలో కూలిపోయాడు. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. ఆసుపత్రికి నేనూ వెంట వెళ్లాను. అక్కడ డాక్టరమ్మ ఉప్పు సంగతి అడగ్గానే బువాలై సంచిలోంచి ఆ పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. రాయిలా గడ్డకట్టి ఉంది.

"ఆరేళ్లమ్మా! విప్పనేలేదు."

"పాడేక్ వేస్తావా?"

"అది చేప కదమ్మా."

"చేప సాసు? మసాలా పొట్లాలు?"

"మరి చప్పిడి కూడు ఎట్లా తింటాడు?"

"అన్నిట్లో ఉన్నది ఉప్పులోని సోడియమే. బీపీ పెంచేది అదే. అరటిపండ్లు, ఆకుకూరలైనా పెట్టి ఉంటే వాటిలోని పొటాషియం కొంత సోడియాన్ని బయటికి పంపేది. పెరట్లో అరటి లేదా?"

"ఉందమ్మా. ఆ గెలలు అమ్మే మసాలా పొట్లాలు కొన్నాను."

డాక్టరమ్మ నా వైపు చూసింది. "మా వదిన సరిగ్గానే చెప్పింది, మాకే తెలివి లేదు" అంది బువాలై. నేను నోరు విప్పలేదు. ఆ మౌనానికి నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

పదకొండో రోజున ఖమ్‌తాన్ పోయాడు. దహనమైన మర్నాడు బువాలై కుండ మోసుకొచ్చి నా వాకిట్లో దించింది.

"మూడు వంతుల చేపకి ఒక వంతు ఉప్పు కలిపింది నువ్వే కదా వదినా. నెలనెలా వచ్చి తిన్నావే, ఒక్కసారైనా గుర్తు రాలేదా?"

రాలేదు. నిజంగానే రాలేదు. ఆ మాట చెప్పేలోపే అది వెళ్లిపోయింది.