ఏరియల్ మామయ్య

మామయ్యకి ఉన్నది ఒక్కటే జబ్బు. ఎక్కడ పాట వినిపించినా ఆయన ఎడమ చెయ్యి పైకి లేస్తుంది. తాళం వెయ్యడానికి కాదు, తన్మయత్వమూ కాదు. తరగతిలో జవాబు తెలిసిన పిల్లాడి చెయ్యిలా నిటారుగా లేస్తుంది. పాట అయిపోయేదాకా దిగదు.

దీనివల్ల ఆయన పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. రోడ్డు పక్కన నడుస్తుంటే ఏ కొట్లోనో పాట మోగేది, చెయ్యి లేచేది, వెళ్ళిపోతున్న బస్సు ఆగేది. డ్రైవరు అంత మర్యాదగా ఆపాక ఎక్కకపోతే బాగుండదని ఎక్కి, తర్వాతి స్టాపులో దిగి, వెనక్కి నడిచొచ్చేవాడు. ఒకసారి ఆఫీసు మీటింగులో మేనేజరు, సెలవురోజు గోడౌనులో సరుకు లెక్కపెట్టడానికి ఎవరొస్తారని అడిగాడు. అందరూ బల్లకేసి చూస్తూ కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే ఎవరి ఫోనో పాడింది. మేనేజరు కళ్ళు చెమర్చాయి. ఆ సెలవంతా మామయ్య బోల్టులు లెక్కపెట్టాడు.

ఆయన మేనకోడలు నీళ్ళని పరీక్షించే ల్యాబులో పనిచేస్తుంది. కారణం లేకుండా ఏదీ జరగదని నమ్మే మనిషి. ఉండబట్టలేక ఒకరోజు అడిగేసింది.

మామయ్య చిన్నప్పుడు పక్కింటి కాంట్రాక్టరుకి ఒక స్టీరియో ఉండేది. వెండిరంగుది, గుడ్లగూబ కళ్ళలా రెండు స్పీకర్లు, మధ్యలో క్యాసెట్టు అర, దానికింద రేడియో, మోసుకెళ్ళడానికి పైన పిడి. దాన్ని చూడాలని వీధి పిల్లలందరికీ ఆశే గానీ, కాంట్రాక్టరు ఎవర్నీ గుమ్మం ఎక్కనిచ్చేవాడు కాదు. ఒకరోజు వాళ్ళబ్బాయి పిడి వదిలేసి, రేడియో స్టేషన్లు పట్టే ఏరియల్ కడ్డీ పట్టుకుని దాన్ని లేపాడు. ఏరియల్ విరిగి చేతిలోకొచ్చింది. స్టేషన్లన్నీ గురక పెట్టడం మొదలుపెట్టాయి. అప్పుడే ఏదో పనిమీద వెళ్ళిన మామయ్య, ఆ విరిగిన మొండిని ఊరికే ముట్టుకున్నాడు. పాట కడిగినట్టు వినిపించింది. రెండో చెయ్యి పైకెత్తితే ఇంకా బాగుందని కాంట్రాక్టరు భార్య తేల్చింది. ఆనాటినుంచి ఆయనకి ఆ ఇంట్లో రోజూ ప్రవేశం. కూర్చోడానికి మాత్రం వీల్లేదు.

"అంటే నీ చిన్నతనమంతా ఏరియల్‌గా గడిపావన్నమాట," అంది మేనకోడలు.

"ఊరికే గడపలేదే. బిస్కెట్లు పెట్టేవాళ్ళు. నా రెండు చేతులూ ఖాళీ ఉండవు కదా, నోట్లోనే పెట్టేవాళ్ళు."

అలాంటి స్టీరియోనే ఈ మధ్య పాతసామాన్ల కొట్లో కనబడింది. ఆ కొట్లో అప్పుడు పాటేమీ లేదు, అయినా చెయ్యి లేచింది. ఇంటికి తెచ్చి అన్నాల బల్ల మీద విప్పి పరిచాడు. నెలల తరబడి మొగుడూ పెళ్ళాలు కంచాలు ఒళ్ళో పెట్టుకుని తిన్నారు. లోపలి రబ్బరు బెల్టులు కరిగి తారులా అంటుకుపోతే, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచాడు. బ్యాటరీలు పెట్టే చోట స్ప్రింగులకి పట్టిన చిలుము వెనిగర్‌తో వదిలించాడు. స్పీకరు కాగితానికి పడ్డ చిరుగుని, పసిపిల్లకి గాయం తుడిచినంత మెల్లగా, పల్చటి కాగితమూ జిగురూ పెట్టి అతికించాడు.

"నా మోకాళ్ళమీద ఇంత శ్రద్ధ ఎప్పుడైనా చూపించారా?" అంది అత్తయ్య.

"నీ మోడల్‌కి స్పేర్లు దొరకవు," అన్నాడు తలెత్తకుండా.

స్పేర్లు దొరకనిది నిజానికి ఏరియల్‌కి. ఏదో ఒకటి బిగించుకోమంటే ఒప్పుకోలేదు. అదే పొడవు, అదే మెరుపు, చివర అదే గుండీ ఉండాలి. ఊళ్ళో పాత ఇనుము వాళ్ళంతా ఆయన్ని చూసి తలుపులు వేసుకునే దశ వచ్చాక దొరికింది. బిగించి, మెత్తటి గుడ్డతో తుడిచి, స్విచ్ నొక్కాడు. పాట గదంతా నిండింది. చెయ్యి లేచింది.

"ఏరియల్ వచ్చిందిగా, ఇంక మీరు దించొచ్చు," అంది అత్తయ్య.

దించి చూశాడు. పాటలో తేడా ఏమీ లేదు. ఆయన కాసేపు తన అరచేతిని చూసుకుని, మళ్ళీ ఎత్తేశాడు. ఆ ఏరియల్‌ని మాత్రం ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. దుమ్ము దులపడానికి అత్తయ్య వచ్చినా సరే, అడ్డంగా నిలబడేవాడు.

అదే రోజుల్లో మేనకోడలి కూతురు బుజ్జమ్మ జారుడుబల్ల మీంచి పడి, ఎడమ భుజం దగ్గర ఎముక విరగ్గొట్టుకుంది. కట్టు విప్పారు. ఎముక అతుక్కుంది. చెయ్యి మాత్రం పైకి లేవలేదు. పిల్ల భయపడి బిగబట్టుకుంటోందనీ, బలవంతం చెయ్యకుండా ఆటల్లో తనంతట తనే ఎత్తేలా చూడమనీ డాక్టరు చెప్పాడు. మళ్ళీ వచ్చేసరికి కూడా ఇలాగే ఉంటే మత్తిచ్చి కదపాల్సి ఉంటుందన్నాడు.

మత్తు అనే మాట చెవిన పడ్డప్పటినుంచి మేనకోడలికి కుదురు లేదు. దొరికిన వ్యాసమల్లా చదివింది. గ్రాఫు గీసింది. రోజూ కోణమాని పట్టుకుని చెయ్యి ఎంత లేచిందో కొలిచేది. కోణమాని కనబడగానే బుజ్జమ్మ చెయ్యి ఒంటికి అతుక్కుపోయేది. అలమరా పైన చాక్లెట్ పెడితే కుడిచేత్తో తీసుకుని తినేసేది. గ్రాఫులో గీత పడుకున్నది పడుకున్నట్టే ఉంది.

ఆదివారం మామయ్య ఇంటికి వెళ్ళి ఇదంతా చెప్పుకుని ఏడ్చినంత పని చేసింది. ఆయన స్టీరియో తుడుస్తూ విన్నాడు. "ఏదీ, ఆ కోణమాని ఓసారి ఇలా ఇవ్వు," అని తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి జేబులో వేసుకున్నాడు. తిరిగి ఇవ్వలేదు.

మర్నాడు సాయంత్రం రమ్మని కబురు పెట్టాడు. వెళ్ళేసరికి స్టీరియో గురక పెడుతోంది. ఏరియల్ ఉండాల్సిన చోట చిన్న స్క్రూ ఒక్కటే మిగిలింది.

"ఏమైంది మామయ్యా?"

"విరిగింది," అన్నాడు, పెన్సిలు ముక్క గురించి చెప్పినంత తేలిగ్గా. మేనకోడలికి భయం వేసింది. ఇంత పెద్ద నష్టానికి మనిషి మతి చలించిందేమో అనుకుంది.

ఆయన బుజ్జమ్మ వైపు తిరిగాడు. "దీనికి మనిషి కావాలమ్మా. నా చెయ్యి పాతబడిపోయింది, స్టేషన్ పట్టడం లేదు."

బుజ్జమ్మ కుడిచెయ్యి స్క్రూ మీద పెట్టింది. గురక కాస్త తగ్గింది.

"రెండోది కూడా ఎత్తాలి. అబ్బే, వద్దులే. అది పెద్దవాళ్ళ పని. నీకు రాదు."

బుజ్జమ్మ మూతి ముడిచి ఎడమ చెయ్యి కొంచెం లేపింది. ఎక్కడో దూరంగా పాట వినబడింది. దించింది. పోయింది. మళ్ళీ లేపింది. భుజం దాకా వస్తే తబలా తెలిసింది, చెవి దాటేసరికి రెండు స్పీకర్లూ గొంతెత్తాయి. బుజ్జమ్మ నవ్వింది. చెయ్యి నొప్పి సంగతి దానికి గుర్తులేదు.

మేనకోడలు నోరు తెరిచింది. పిల్ల చెయ్యి జానెడు లేస్తే స్టేషన్ అంత మారదని ఆమెకి తెలుసు. అదే చెప్పబోతుంటే, స్టీరియో వెనకనుంచి మామయ్య కుడిచెయ్యి కనిపించింది. ట్యూనింగ్ చక్రాన్ని వెంట్రుకవాసి తిప్పుతోంది. ఎడమ చెయ్యి యథాప్రకారం గాల్లో ఉంది. ఆమె నోరు మూసుకుంది. భౌతికశాస్త్రం ఆ పూటకి సెలవు పెట్టింది.

మంచినీళ్ళకి వంటింట్లోకి వెళ్తే, బాల్కనీ కుండీలో చిక్కుడు తీగకి ఊతంగా ఒక కడ్డీ తళతళలాడుతోంది. చివర గుండీ ఉంది.

"అదే," అంది అత్తయ్య. "విరగనూ లేదు, పాడూ లేదు. రాత్రి విప్పి తెచ్చిచ్చారు. పెట్లో దాస్తానంటే వద్దన్నారు. దాస్తే మళ్ళీ బిగించాలనిపిస్తుందట."

ఆ తర్వాత రోజూ సాయంత్రం పాటలే. డాక్టరు రమ్మన్న రోజున మామయ్య కూడా ఆసుపత్రికి వచ్చాడు. వరండాలో కూర్చుని ఉండగా ఎవరి ఫోనో పాడింది. బెంచీ మీంచి రెండు చేతులు లేచాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. గదిలోంచి బయటికొచ్చిన డాక్టరు, చెవికి ఆనుకుని నిలబడ్డ చిన్న చెయ్యిని చూసి ఆగాడు.

"ఈ పాపకి ఇంక చూడాల్సిందేం లేదు," అన్నాడు నర్సుతో. "ఆ పెద్దాయన్ని లోపలికి పంపించు. చెయ్యి ఎన్నాళ్ళుగా అలా ఉండిపోయిందో కనుక్కో."

తిరిగి వస్తుంటే టాక్సీలో మేనకోడలు అంది: "ఇంక ఏరియల్ బిగించుకో మామయ్యా."

"ఇప్పుడెలాగే? చిక్కుడు పూత మీదుంది, పాపం."

ఇంతలో డ్రైవరు రేడియో పెట్టాడు. అద్దంలో వెనక సీటు చూసి, బండి నెమ్మది చేసి, ఇక్కడే ఆపమంటారా అని అడిగాడు. వద్దు, పోనివ్వండి అని చెప్పడానికి మేనకోడలు ముందుకి వంగింది. వంగితే టాక్సీ పైకప్పు వేళ్ళకి తగిలింది. అప్పుడు చూసుకుంది, తన చెయ్యి కూడా పైనే ఉంది.