పైట దిక్కు గడ్డ

2023 సెప్టెంబరు. వనపర్తిలోని ఒక ప్రైవేటు దవాఖానలో రేడియోగ్రాఫర్‌గా నాకది నాలుగో ఏడు. ఎక్స్‌రే, సీటీ, మామోగ్రామ్ మూడూ నేనే తీసేవాణ్ని. మామోగ్రామ్ అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రే. రొమ్మును రెండు పలకల మధ్య కొన్ని సెకన్లు నొక్కి ఉంచి, ఒక్కో వైపు రెండు కోణాల్లో బొమ్మ తీస్తాం. నొక్కితే కొంచెం నొస్తుంది. కానీ లోపలి కణజాలం పలచగా పరుచుకుంటేనే చిన్న గడ్డ కూడా కనిపిస్తుంది.

నేను మగవాణ్ని కాబట్టి మా గదిలో ఒక ఏర్పాటు ఉంది. లోపల మనిషిని నిలబెట్టి సర్దేది స్వరూప సిస్టర్. నేను తెర ఇవతల, సీసపు అడ్డు వెనుక ఉండి కొలతలు చెప్తాను, బటన్ నొక్కుతాను. నొక్కే ముందు ఐదు చూసుకుంటాను: పేరు, వయసు, ఏ వైపు, పాత రిపోర్టులు, బీబీ. బీబీ అంటే ఆవగింజంత లోహపు చుక్క ఉన్న స్టిక్కర్. చేతికి గడ్డ తగిలే చోట చర్మం మీద అంటిస్తే ఫిల్ములో తెల్లటి చుక్కగా పడుతుంది. డాక్టరు ఎక్కడ చూడాలో అది చెప్తుంది.

ఆ రోజు వచ్చినామెను బసమ్మ అందాం. నలభై ఏడేళ్లు, కర్ణాటక సరిహద్దున గట్టు మండలంలోని ఊరు, విత్తన పత్తి రైతు కుటుంబం. గోళ్ల సందుల్లో ఇంకా పసుపు రంగు పుప్పొడి ఉంది. భర్త తిమ్మప్ప కుర్చీలో కూర్చోలేదు.

"జర జల్ది తియ్యండ్రి సారూ. చేన్ల క్రాసింగ్ నడుస్తుంది. ఈ పూట పువ్వు ఈ పూటకే."

క్రాసింగ్ అంటే మగ పువ్వు పుప్పొడిని ఆడ పువ్వుకు ఒక్కొక్కదానికీ చేత్తో అద్దడం. ఒక పూట తప్పితే ఆ పూట పూసినవన్నీ వృథా.

వాళ్ల దగ్గర మూడు కాగితాలున్నాయి. ఊళ్లోకి కొత్తగా వచ్చిన ఆరోగ్య కార్యకర్త రాసిన చీటీ: ఎడమ రొమ్ములో గడ్డ. ఒక వైద్య శిబిరంలో తీసిన అల్ట్రాసౌండ్ రిపోర్టు: ఎడమ వైపు సింపుల్ సిస్ట్. అంటే నీటి తిత్తి. ఆ వయసులో మామూలే, హాని లేదు. మూడోది మా డ్యూటీ డాక్టరు రాసిన చీటీ: ఎడమ మామోగ్రామ్. గడ్డ తగ్గలేదని బసమ్మ మా దవాఖానకు వచ్చింది గానీ, మగ డాక్టరు చెయ్యి పెట్టి చూడటానికి ఒప్పుకోలేదు. అందుకని ముందు ఫిల్ము తీయించమన్నారు.

మూడు కాగితాల్లో పేరు, వయసు, వైపు అన్నీ కలిశాయి. నేను టిక్కులు పెట్టేశాను. లోపల స్వరూప గౌను తొడిగించి, ఎడమ వైపు బీబీ అంటించబోయింది.

"అక్కా, ఆడ ఏం లేదు," అంది బసమ్మ.

"చీటీల ఎడమ అనే ఉందమ్మా."

"ఎడమ అని నేనెప్పుడన్న? పైట దిక్కు అని జెప్పిన."

"పైట దిక్కంటే ఎడమే గద?"

"మీకు ఎడమ. మా ఇండ్లల్ల పైట కుడి భుజం మీద ఏస్తరు. ఎన్నడు చూడలేదా?"

చూశాను. ఐదు నిమిషాల క్రితం నా ముందు నిలబడినప్పుడు ఆమె పైట కుడి భుజం మీదే ఉంది. ఆ సరిహద్దు ఊళ్ల నుంచి వచ్చే ఆడవాళ్లలో అలా వేసుకునేవాళ్లు వారానికి ఇద్దరైనా కనిపిస్తారు. రొమ్ము అనే మాట పలకడానికి సిగ్గుపడి ఆమె పైట అంది. ఎడమ పైట అలవాటున్న ఆరోగ్య కార్యకర్త దాన్ని ఎడమ అని రాసుకుంది. ఇక గౌను తొడిగాక చూడటానికి పైటే లేదు.

"మరి శిబిరంల ఎడమ వైపు చూస్తుంటే చెప్పలేదా అమ్మా?" అని తెర ఇవతలి నుంచే అడిగాను.

"మిషన్ గద సారూ. ఒకాడ పెడితే లోపలంత కనవడ్తదనుకుంటి. నీళ్ల తిత్తి, భయం లేదన్నరు. సరే అనుకుంటి."

చీటీలో లేని వైపు నా ఇష్టానికి తీయకూడదు. డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన ఎమర్జెన్సీలో ఉన్నారు, అరగంట పడుతుందన్నారు. తిమ్మప్పకు ఓపిక పోయింది.

"బాగనే ఉందని ఒకసారి జెప్పిరి గద. క్రాసింగ్ ఒడిసినంక మల్లొస్తం పా."

బసమ్మ గౌను మీద చీర కప్పుకుని తలుపు దగ్గరికి వచ్చింది. "నువ్వు పో. పువ్వులద్దుడు ఆడోళ్ల పని, నాకు చాత గాదంటవు గద? ఇయ్యాల నేర్చుకో. నేను తీపిచ్చుకునే వస్త."

స్వరూప నవ్వింది. తిమ్మప్ప నా వైపు చూశాడు. నేను కంప్యూటర్ వైపు చూశాను. ఆయన కుర్చీలో కూర్చున్నాడు.

డాక్టరు రెండు వైపులా తీయమని చీటీ మార్చి రాశారు. నిజానికి రెండు వైపులా తీసి పోల్చుకోవడమే పద్ధతి. ఈసారి బసమ్మ వేలు పెట్టి చూపిన చోటే స్వరూప బీబీ అంటించింది: కుడి రొమ్ము, చంక వైపు పై భాగం.

రిపోర్టు చెప్పడం రేడియాలజిస్టు పని, నాది కాదు. కానీ నాలుగేళ్లలో కళ్లు కొన్ని ఆకారాలకు అలవాటుపడతాయి. ఫైబ్రోఅడినోమా వంటి హాని లేని గడ్డలు సాధారణంగా గోళీలా నున్నటి అంచులతో ఉంటాయి. బీబీ కింద కనిపించింది పల్లేరుకాయలా ఉంది: చిన్నది, చుట్టూ సన్నని ముళ్లు. వెంటనే రేడియాలజిస్టు మేడమ్‌ను పిలిచాను. ఆమె అప్పుడే కుడి వైపు అల్ట్రాసౌండ్ చేసి, కోర్ బయాప్సీకి రాశారు. అంటే మత్తు సూది వేసి, లావుపాటి సూదితో గడ్డలోంచి సన్నటి ముక్కలు తీసి పరీక్షకు పంపడం.

ఎనిమిదో రోజు రిపోర్టు వచ్చింది. క్యాన్సర్, తొలి దశ. ఫిల్ము తెమ్మని సర్జన్ నన్నూ పిలిచారు.

"మొత్తం కోసేస్తరా సారూ?" బసమ్మ మొదటి ప్రశ్న అదే.

"అవసరం లేదమ్మా. గడ్డ చిన్నది. గడ్డనూ చుట్టూ కొంత మేరనూ తీస్తారు, దాన్ని లంపెక్టమీ అంటారు. చంకలో ఒకటి రెండు గ్రంథులు తీసి పరీక్షిస్తారు. తర్వాత కొన్ని వారాలు రేడియేషన్. హైదరాబాద్‌కు రాసిస్త."

"క్రాసింగ్ ఒడిసినంక పోతే?"

సర్జన్ నోరు తెరిచేలోపే తిమ్మప్ప అందుకున్నాడు. "పత్తి మల్లేడు గూడ పెడ్తం. రేపే బస్సెక్కుదాం."

ఆపరేషన్ అయింది. తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ కణాలు లేవు, చంక గ్రంథుల్లోనూ లేవు. చంకలో కోసినవాళ్లలో కొందరికి ఆ చెయ్యి పైకి లేవదు. మరుసటి ఏడు తనిఖీ ఫిల్ముకు వచ్చినప్పుడు బసమ్మ, అడగకముందే కుడి చెయ్యి తల మీదికి ఎత్తి చూపింది. "చూడు సారూ, లేస్తుంది. మొన్న మొన్ననే క్రాసింగ్‌కు గూడ పోయిన." ఫిల్ము శుభ్రంగా వచ్చింది.

ఈ కేసును నేను చాలాసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాను. మూడు కాగితాలూ కలిశాయి కాబట్టి నాకు ముగ్గురు సాక్షులున్నారనుకున్నాను. నిజానికి ఉన్నది ఒక్కరే. తక్కిన రెండూ మొదటి చీటీని చూసి రాసినవి. నా ఐదు అంశాల జాబితా కాగితాన్ని కాగితంతో పోల్చింది. మనిషితో పోల్చలేదు. బసమ్మ నోరు విప్పకపోతే నేను ఎడమ రొమ్ముకు చక్కటి ఫిల్ము తీసి, బాగుందన్న రిపోర్టు ఇప్పించి, గడ్డతో ఇంటికి పంపేవాణ్ని.

ఇప్పుడు ఎవరు వచ్చినా చీటీని ముందు బల్ల మీద బోర్లా పెడతాను. "ఎక్కడ తగులుతుందో సిస్టర్‌కు వేలు పెట్టి చూపించండమ్మా" అంటాను. వాళ్లు చూపించాకే చీటీ తిప్పి చదువుతాను. రెండూ కలవకపోతే ముందు ఫోన్ ఎత్తుతాను. బటన్ ఆ తర్వాతే.